మన నీళ్లు, మడ అడవి

పిల్లలూ,

మడ అడవి అంటే సముద్రపు ఒడ్డున ఉప్పునీటి బురదలో పెరిగే అడవి. నల్లగొండకు, పాలమూరుకు సముద్రం లేదు కదా, దానితో మనకేం పని అని మీరు అడగొచ్చు. తంగిడి దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చే కృష్ణమ్మ జూరాల, శ్రీశైలం, సాగర్ దాటి హంసలదీవి వైపు సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడే ఉంది ఆ అడవి. బావురుపిల్లి తిరిగే చోటు అది. 1989లో దాన్ని అభయారణ్యం చేశారు.

మడ నేల బురదలో గాలి ఆడదు. అందుకే తెల్లమడ వేళ్లు పెన్సిళ్లలా నేలలోంచి పైకి పొడుచుకొస్తాయి, వాటి సన్నటి రంధ్రాలతోనే చెట్టు గాలి పీలుస్తుంది. పీల్చిన ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది. అయినా దాని ఓపికకూ హద్దుంది, ఏటి మంచినీళ్లు కలవకపోతే మొక్క సరిగా ఎదగదు.

భూమి వేడెక్కి సముద్రమట్టం పెరుగుతోంది. ఏటా వరద తెచ్చే ఒండ్రుతో అడవి నేల కూడా లేస్తుంటే మడ తట్టుకుంటుంది. ఆ ఒండ్రు ఇప్పుడు జలాశయాల అడుగున ఆగిపోతోంది. సాగర్ నీళ్లతో మన ఎడమ కాల్వ కింద లక్షల ఇండ్లు అన్నం తిన్నాయి, దాన్ని నేను తప్పు పట్టను. కానీ దాని ఖర్చు ఎవరి మీద పడిందో మీకు తెలియాలి. అడవి వెనక్కి జరుగుదామన్నా చాలాచోట్ల రొయ్యల చెరువుల కట్టలు అడ్డం.

చెట్లు నరికిన చోట నేల కుంగి పళ్లెంలా అవుతుంది. సముద్రం పోటుకు వచ్చిన నీళ్లు పాటుకు వెనక్కి పోవు, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది, ఇక విత్తనం మొలవదు. ఇట్లాంటి చోట ఉత్తగా మొక్కలు నాటితే డబ్బు దండగ. ముందు సముద్రపు నీళ్లు వచ్చిపోయే పాయ నుంచి ఏటవాలుగా పెద్ద కాల్వ, దానికి రెండు పక్కలా చేప ముల్లు తీరుగా పిల్లకాల్వలు తవ్వాలి. పోటూ పాటూ ఆడి ఉప్పు కడుక్కుపోయాక, కాల్వ గట్టు వాలు నడుమ మొక్క పెట్టాలి. పైన పెడితే ఎండుతుంది, అడుగున పెడితే మునుగుతుంది. పూడిక తీయడం మానేస్తే కథ మళ్లీ మొదటికే.

మన వైపు పనీ ఉంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాగుల్లో పడేసిన ప్లాస్టిక్ కవర్లు వరదకు కొట్టుకుపోయి ఆ ఊపిరి వేళ్లకు చుట్టుకుంటే వాటికి గాలి అందదు. వరికి యూరియా ఒకేసారి గుమ్మరించకుండా నాటేటప్పుడు, పిలకల దశలో, చిరుపొట్ట దశలో మూడు విడతలుగా వేయమని ఇంట్లో చెప్పండి. మడిలో నీళ్లు తీసి, బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులకు మళ్లీ నీళ్లు పెట్టాలి. నిండు మడిలో చల్లి గండి తెరిస్తే ఎరువు వాగు పాలే. పురుగుమందు డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను పిచికారీ ట్యాంకులోనే పోయాలి, డబ్బాకు బొక్క పెట్టాలి. ఇది పెద్దవాళ్ల పని, మీరు మాత్రం ముట్టుకోవద్దు.

మీ తాత