రాజురా బ్లాస్టింగ్ వివాదం: 1997 పట్టికలో ఎవరూ చదవని రెండో భాగం

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో రాజురా, బల్లార్‌పూర్ చుట్టుపక్కల ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల అంచున ఉన్న ఊళ్లలో బ్లాస్టింగ్ గొడవ మళ్లీ రాజుకుంది. సైరన్ మోగడం, ఎర్ర జెండాలు పట్టుకున్న మనుషులు దారి ఆపడం, నేల అదరడం, ఆ సాయంత్రమే ఎవరో ఒకరు తమ ఇంటి గోడ మీద కొత్త నెర్రె చూపించడం అక్కడి తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. గని అధికారులు ఇచ్చే సమాధానమూ కొత్తది కాదు: అదురు నిర్ణీత పరిమితిలోనే ఉందని వారు అంటారు. ఆ పరిమితి ఎక్కడి నుంచి వచ్చింది, దానిలో ఏ ఇంటికి ఎంత రాసి ఉంది అన్నది మాత్రం ఇరువైపులా ఎవరూ పూర్తిగా చెప్పడం లేదు. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండటం, బొగ్గు గనుల జాతీయీకరణ, ఆ తర్వాత భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్‌లు రావడం ఈ ప్రాంతం వారికి తెలిసిన సంగతులే కాబట్టి వాటిని వదిలేసి, నేరుగా 1997 ఆగస్టు 29కి రావడం మేలు.

ఆ తేదీన ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే అందరూ డీజీఎంఎస్ అని పిలిచే కార్యాలయం, ఆ ఏటి 7వ సాంకేతిక సర్క్యులర్‌ను విడుదల చేసింది. అంతకు ముందు మన దేశంలో ప్రమాణంగా చూపుతూ వచ్చినది 1973 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 6922. పేలుడు వల్ల నేల కణాలు కదిలే గరిష్ఠ వేగం మెత్తని నేలలో సెకనుకు 70 మిల్లీమీటర్లు, గట్టి రాతిలో 100 మిల్లీమీటర్లు దాటకూడదని అది చెప్పింది. ఆ ప్రమాణం నేలను చూసింది గాని ఇంటిని చూడలేదు. మట్టి గోడల ఇల్లయినా సిమెంటు స్లాబు ఇల్లయినా దానికి ఒకటే. 1997 సర్క్యులర్ ఈ పద్ధతిని తిరగేసి, కట్టడం ఏ రకానిది, అదురు ఏ ఫ్రీక్వెన్సీలో (అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతూ; దీన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు) వస్తోంది అన్న రెండు ప్రశ్నలు వేసి, వాటి ఆధారంగా పరిమితిని నిర్ణయించింది. గని యజమానికి చెందని నివాస గృహాల దగ్గర, ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్‌కు లోపల ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య ఉంటే 10, 25 దాటితే 15 మిల్లీమీటర్లు. చారిత్రక కట్టడాలకు ఈ మూడు అంకెలూ 2, 5, 10. వార్ధా ఒడ్డున ఉన్న బల్లార్‌పూర్ కోట వంటి గోండు రాజుల నాటి కట్టడాలు ఈ చివరి వరుసలోకి వస్తాయి.

తక్కువ ఫ్రీక్వెన్సీకి తక్కువ పరిమితి పెట్టడానికి కారణం ఉంది. ఒకటి రెండు అంతస్తుల ఇళ్లు సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ సుమారు 4 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. నేల అదురు కూడా అదే ఫ్రీక్వెన్సీలో వస్తే ఇల్లు దానితో జతకలిసి, నేల కంటే ఎక్కువగా ఊగుతుంది. అమెరికా గనుల బ్యూరో 1971లో ఇళ్లకు సెకనుకు 50 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదని చెప్పి, 1980 నివేదికలో తక్కువ ఫ్రీక్వెన్సీ అదురుకు ఆ అంకెను 19కి, సున్నపు పూత గోడలున్న పాత ఇళ్లకైతే 12.7కు దించడానికి కారణం ఇదే. గట్టి రాతిలో ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు బతుకుతాయి. మందమైన మట్టి పొరలు, పాత గనుల పూడికలు, దూరం కలిసినప్పుడు అవి అణిగిపోయి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలే మిగులుతాయి. వార్ధా లోయలో బొగ్గు మీద ఉన్నది మెత్తని పొరలు, వాటిపైన నల్లరేగడి. కాబట్టి ఇక్కడ 15 అన్న అంకెను చూపి మాట్లాడే ముందు, కొలత తీసిన రోజున ఫ్రీక్వెన్సీ ఎంతో చూపించాలి. వేగం ఒక్కటే రాసి ఫ్రీక్వెన్సీ గడిని ఖాళీగా వదిలిన రిపోర్టు ఆ సర్క్యులర్ దృష్టిలో సగం రిపోర్టే.

ఇంతవరకూ సర్క్యులర్ ఊరి పక్షానే ఉన్నట్టు కనిపిస్తుంది. దాని రెండో భాగం చదివితే సంగతి మారుతుంది. అక్కడ మరో వర్గం ఉంది: గని యజమానికే చెందిన, పరిమిత కాలం మాత్రమే నిలిచే కట్టడాలు. ఆ వర్గంలోని నివాస గృహాలకు పరిమితి 10, 15, 25 మిల్లీమీటర్లు. అంటే 8 హెర్ట్జ్‌కు లోపల మొదటి భాగానికి సరిగ్గా రెట్టింపు. సొంత క్వార్టర్లు రేపో మాపో గనిలో కలిసిపోయేవి కాబట్టి వాటికి చిన్న నష్టం జరిగినా యజమానే భరిస్తాడన్న ఆలోచన దీని వెనుక ఉంది. కాగితం మీద అది సబబుగానే ఉంది.

ఈ ప్రాంతంలో భూసేకరణ ఎక్కువగా 1957 నాటి బొగ్గు క్షేత్రాల సేకరణ చట్టం కింద జరుగుతుంది. ఆ చట్టం 9వ సెక్షన్ కింద ప్రకటన వెలువడితే, 10వ సెక్షన్ ప్రకారం భూమి కేంద్రానికి, ఆపై 11వ సెక్షన్ ద్వారా ప్రభుత్వ కంపెనీకి దఖలు పడుతుంది. భూమి చేతులు మారినంత వేగంగా మనుషులు ఊరు మారరు. పరిహారం, ఉద్యోగాల జాబితా, పునరావాస స్థలం తేలేదాకా కుటుంబాలు అదే ఇంట్లో వండుకుని, అదే గోడల మధ్య నిద్రపోతాయి. ఆ ఇల్లు ఏ భాగంలోకి వస్తుంది? అందులో ఉంటున్న వారిని అడిగితే అది వారిది. దస్తావేజును అడిగితే అది యజమానిది, పైగా పరిమిత కాలం మాత్రమే నిలిచేది. పట్టికలో ఈ మధ్యకాలపు ఇంటికి విడిగా గడి లేదు. నిన్నటి దాకా 5 మిల్లీమీటర్లు మాత్రమే తట్టుకోవాల్సిన గోడ, ఒక గెజిట్ ప్రకటన తర్వాత 10 తట్టుకోవాలని లెక్క కట్టే అవకాశం అక్కడ తెరుచుకుంది. "పరిమితిలోనే ఉంది" అన్న మాట విన్నప్పుడు ఊరివాళ్లు ఏ పరిమితి అని ఎదురు అడగాల్సింది ఇందుకే.

ఇక పరిమితి నుంచి పేలుడు మందు తూకానికి వెళ్లే లెక్క. ఇంటికీ బ్లాస్టుకూ మధ్య దూరాన్ని మీటర్లలో తీసుకుని, ఒక డిలేలో, అంటే ఒకే క్షణంలో, పేలే మందు కిలోల వర్గమూలంతో భాగిస్తే వచ్చేదాన్ని స్కేల్డ్ డిస్టెన్స్ అంటారు. అది పెరిగితే అదురు తగ్గుతుంది. గని ముఖం, అంటే తవ్వకం సాగే అంచు, 600 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు డిలేకు 100 కిలోలు వాడితే ఆ అంకె 60. ముఖం ఊరి వైపు జరిగి 300 మీటర్లకు వచ్చినా అదే 60 నిలవాలంటే మందును 25 కిలోలకు దించాలి. దూరం సగమైతే మందు నాలుగో వంతు కావాలన్నమాట. దించకపోతే, దూరంతో అదురు ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పడానికి సాధారణంగా వాడే 1.6 ఘాతంతో చూస్తే, అదురు మూడింతలవుతుంది.

ఊరివాళ్లు ఒక రోజులో వాడిన మొత్తం టన్నులు లెక్కపెడతారు. అధికారులు డిలేకు ఎన్ని కిలోలో చెబుతారు. లెక్క ప్రకారం అధికారుల మాటే సరైనది, ఎందుకంటే కనీసం 8 మిల్లీసెకన్ల తేడాతో పేలిన మందు రంధ్రాలను విడివిడి పేలుళ్లుగా పరిగణించడం చాలా కాలంగా ఉన్న ఆనవాయితీ. అయితే ఆ ఆనవాయితీ, మందును పేల్చే డిటొనేటర్లు చెప్పిన సమయానికే పేలతాయన్న నమ్మకం మీద నిలబడింది. లోపల మండే పొరతో ఆలస్యాన్ని సాధించే డిటొనేటర్లలో ఆ సమయం అటూ ఇటూ జరుగుతుంది. రెండు రంధ్రాలు కలిసి పేలితే మందు రెట్టింపై, అదురు సుమారు 74 శాతం పెరుగుతుంది. కాగితం మీద మాత్రం పాత అంకే ఉంటుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఎలక్ట్రిక్ డిటొనేటర్లను నిషేధించింది. దానికి భద్రతా కారణాలే చూపినా, ఎలక్ట్రానిక్ డిటొనేటర్ల వైపు మళ్లిన చోట ఒక్కో రంధ్రానికి ఇచ్చిన సమయం యంత్రంలో నమోదై ఉంటుంది. అడగదగిన రికార్డు ఇప్పుడు ఉందన్నదే ఇక్కడ ముఖ్యం.

మరో చిక్కు స్థానిక స్థిరాంకాలది, అంటే ఆ గని నేలకు తగ్గట్టు పై లెక్కలో పెట్టే అంకెలది. ప్రతి గనిలో కొన్ని బ్లాస్టులు కొలిచి, వాటిని గ్రాఫు మీద పెట్టి, మధ్యగా గీత గీసి, దాని నుంచి ఎంత మందు వాడవచ్చో పట్టిక తయారు చేస్తారు. మధ్య గీత అంటేనే దాదాపు సగం బ్లాస్టులు దానికి పైన ఉంటాయి. జాగ్రత్తగల ఇంజనీర్లు నూటికి 95 కొలతలు కింద ఉండేలా గీతను పైకి జరిపి లెక్క కడతారు. ఏ గీతను వాడారన్న ఒక్క వాక్యం రిపోర్టులో ఉంటే సగం వాదన అక్కడే తీరుతుంది.

బీటలన్నీ బ్లాస్టింగ్ వల్లే కాదన్న యాజమాన్యాల వాదనలో నిజం లేకపోలేదు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, లోతు తక్కువ పునాదుల మీద కట్టిన గోడలు బ్లాస్టింగ్ ఎరుగని ఊళ్లలోనూ బీటలు వారతాయి. మనిషి ఒంటికి సెకనుకు ఒక మిల్లీమీటరు కంటే తక్కువ అదురు కూడా తెలుస్తుంది, కాబట్టి భయం పుట్టిన ప్రతిసారీ నష్టం జరిగినట్టు కాదు. కిటికీలు గలగలలాడేది చాలాసార్లు గాలి ఒత్తిడి వల్ల. 1997 పట్టికలో దానికి చోటే లేదు.

మందు నిల్వ గురించిన ఫిర్యాదు దీనికి తోడుగా వస్తుంది గాని, అది వేరే చట్టం, వేరే లెక్క. 1884 చట్టం కింద వచ్చిన 2008 పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం మ్యాగజైన్‌కు, అంటే పేలుడు మందు గిడ్డంగికి, లైసెన్సు ఇచ్చేది నాగపూర్ ప్రధాన కార్యాలయంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో). అక్కడ వర్గమూలం కాదు, ఘనమూలం పనిచేస్తుంది: నిల్వ ఎనిమిది రెట్లు పెరిగితే ఉండాల్సిన దూరం రెండు రెట్లవుతుంది. తిరగేసి చూస్తే, ఊరు పెరిగి మ్యాగజైన్ వైపు సగం దూరం దాకా వచ్చినప్పుడు నిల్వ ఎనిమిదో వంతుకు పడిపోవాలి. "మేము ముందు వచ్చాం, ఇళ్లు తర్వాత వచ్చాయి" అన్న వాదన పరిహారానికి పనికిరావచ్చు గాని పేలుడు తరంగానికి ఆ సంగతి తెలియదు. దంతెవాడ వైపు హిరోలి మ్యాగజైన్ మీద 2006 ఫిబ్రవరిలో, కోరాపుట్ జిల్లా దామన్‌జోడి బాక్సైట్ గని మీద 2009 ఏప్రిల్‌లో మావోయిస్టుల దాడులు జరిగి, సీఐఎస్ఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయిన తర్వాత, ఈ సరిహద్దు జిల్లాల్లో మ్యాగజైన్ అంటే కాపలా, తాళం, లెక్కల పుస్తకం అన్న చర్చే మిగిలింది. దూరం సంగతి వెనక్కి పోయింది. 2011లో అమ్మోనియం నైట్రేట్‌ను పేలుడు పదార్థంగా ప్రకటించడం, 2012 నిబంధనలు తేవడం కూడా దొంగతనాన్ని దృష్టిలో పెట్టుకున్నవే. ఇప్పుడు పెద్ద గనుల్లో ఎమల్షన్‌ను ట్యాంకరులో తెచ్చి రంధ్రంలోనే మందుగా మారేలా పోస్తారు కాబట్టి మ్యాగజైన్ల భారం తగ్గింది. నిల్వ ప్రమాదం తగ్గించిన ఈ పద్ధతే పెద్ద రంధ్రాలను వేగంగా నింపడం తేలిక చేసి, ఒత్తిడిని అదురు వైపు నెట్టింది.

ఇళ్లకు 200 మీటర్ల లోపు పేల్చకూడదని ధర్నాలలో వినిపించే నినాదం గురించి ఒక మాట. అది 2020 జూలైలో కేరళ రాతి క్వారీల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశం నుంచి వచ్చింది. బొగ్గు గనులకు వర్తించేది వేరు: 1957 బొగ్గు గనుల నిబంధనల్లో ప్రమాద వలయం 300 మీటర్లు, 2017 నిబంధనల్లో అది 500. ఆ వలయం రాళ్లు ఎగిరి పడటం గురించినది, గోడల అదురు గురించినది కాదు. యజమానికి చెందని కట్టడాల దగ్గర పేల్చాలంటే ముందస్తు రాతపూర్వక అనుమతి, షరతులు ఉంటాయి. ఊరికి బలం ఇచ్చేది 200 అన్న అంకె కంటే ఆ షరతుల కాగితమే.

ప్రస్తుతం ఊళ్ల నుంచి వినిపిస్తున్న కోరికలు బ్లాస్టింగ్ ఆపమనేవి కావు. అదురు కొలిచే సీస్మోగ్రాఫును గని గేటు దగ్గర కాకుండా గనికి అతి దగ్గరి ఇంటి పునాది పక్కన పెట్టాలని, కొత్త ముఖం తెరిచే ముందే ప్రతి గోడనూ ఫోటో తీసి పాత బీటల మీద, అవి పెరిగితే తెలిసేలా, గాజు పట్టీలు అతికించాలని, బ్లాస్టు జరిగిన రోజే దూరం, డిలేకు వాడిన కిలోలు, కొలిచిన వేగం, ఫ్రీక్వెన్సీ పంచాయతీ బోర్డు మీద మరాఠీతో పాటు తెలుగులోనూ రాయాలని అడుగుతున్నారు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, గని దగ్గర ఇప్పటికే ఉండాల్సిన అంకెలే ఇవి. సేకరణ ప్రకటన వెలువడినా ఇంకా ఖాళీ కాని ఇళ్లకు పట్టికలోని ఏ భాగం వర్తిస్తుందో డీజీఎంఎస్ రాతపూర్వకంగా చెప్పాలన్నది మాత్రం వేరే రకం కోరిక. దానికి గని మేనేజరు దగ్గర సమాధానం ఉండదు.