చిప్పుకు టేపు, సీవీవీకి వాట్సాప్

మొన్న ధర్మవరం నుంచి ఒక చీరల వ్యాపారి అనంతపురంలో మా బ్యాంకు కౌంటరుకు వచ్చారు. చిప్పు అరిగిపోతుందని డెబిట్ కార్డుకు సెల్లో టేపు అంటించుకున్నారు. "చిప్పు కార్డే గదా సార్, ఆన్‌లైన్‌లో డబ్బు ఎట్ల పోయింది?" అన్నారు. కార్డుల సెక్షన్లో ఈ ప్రశ్న వినని నెల లేదు.

అపోహ: చిప్పు ఉంటే ఆన్‌లైన్‌లో కూడా సేఫ్.

వాస్తవం: ఆన్‌లైన్‌లో చిప్పుకు పనే లేదు. అంగట్లో మిషన్లో పెట్టినప్పుడు అది ఆ ఒక్క బిల్లుకే చెల్లే కోడ్ తయారు చేస్తుంది. దొంగిలించినా రెండోసారి పనికిరాదు. వెనక నల్ల పట్టీలో (మాగ్నెటిక్ స్ట్రిప్) మాత్రం ఎప్పుడూ అదే సమాచారం. నకిలీ కార్డులు పుట్టింది అక్కడే. అందుకే చిప్పు లేని పట్టీ కార్డులన్నీ 2018 డిసెంబరు 31 లోపు మార్చమని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు చెప్పింది. వెబ్‌సైటులో మనం కొట్టేది నంబరు, గడువు తేదీ, వెనక మూడంకెల సీవీవీ. ఇందులో చిప్పు ఎక్కడుంది?

చిప్పును ఆన్‌లైన్‌లోనూ వాడుకునేందుకు బ్రిటన్‌లో కొన్ని బ్యాంకులు కాలిక్యులేటర్ లాంటి రీడర్ ఇచ్చాయి. కార్డు అందులో పెట్టి పిన్ కొడితే ఒక నంబరు వస్తుంది, దాన్ని నెట్ బ్యాంకింగ్‌లో టైపు చేయాలి. మన దగ్గర అలాంటి కాపలా ఓటీపీది.

అపోహ: ఓటీపీ రాకుండా పైసా కదలదు.

వాస్తవం: అది మన దేశంలోని సైట్లకు. 2009 ఆగస్టు నుంచి ఇక్కడ ఓటీపీ లాంటి రెండో తనిఖీ తప్పనిసరి. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు. మన వ్యాపారి డబ్బు డాలర్లలోనే పోయింది. కార్డు రెండు వైపులా ఫోటో తీసి, రూము బుకింగ్ కోసం ఎవరికో వాట్సాప్‌లో పంపారట. చిప్పుకు టేపు వేసిన మనిషి!

కొత్త కార్డులకు ఆన్‌లైన్, ఇంటర్నేషనల్ వాడకాలు ఆఫ్‌లోనే వస్తాయి. యాప్‌లో మనమే ఒకరోజు అన్నీ ఆన్ చేసి మరచిపోతాం. ఇంటర్నేషనల్ అవసరం లేకపోతే ఇప్పుడే ఆపేయండి.

అపోహ: సైటులో కార్డు సేవ్ చేస్తే నంబరు వాళ్ల చేతికి పోతుంది.

వాస్తవం: 2022 అక్టోబరు 1 నుంచి మన సైట్లు నంబరు దాచుకోకూడదు. దాని బదులు టోకెన్ అనే మారు నంబరు ఉంటుంది, అది ఆ ఒక్క సైటుకే చెల్లుతుంది.

డబ్బు పోతే ముందు కార్డు బ్లాక్ చేసి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేని మోసాన్ని మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలిపితే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేవరకు పోయిందంతా మీదే. అన్నట్టు, ఆ టేపు పీకేయండి, అది ఉంటే మిషన్ చిప్పును చదవదు.