నడుస్తున్న రైలు నుంచి జారిన పెట్టె

కిందటి వారం ఒక పాఠకురాలు అడిగారు: "మా చిన్నప్పుడు జంక్షన్‌లో మా బోగీలను ఒక రైలు నుంచి విప్పి ఇంకో రైలుకు తగిలించేవారు. వాటిని స్లిప్ కోచ్‌లు అనేవారు. అవి అరగంట సేపు కదలకుండా నిలబడేవి కదా, మరి జారడం ఎక్కడుంది?"

ఎంత మంచి ప్రశ్న! మన దగ్గర పేరు ఒక్కటే మిగిలింది. ఇంగ్లండ్‌లో అవి నిజంగానే జారేవి. ఎక్స్‌ప్రెస్ ఆగదు, మామూలు వేగంతోనే స్టేషన్ దాటిపోతుంది. చివరి పెట్టె మాత్రం స్టేషన్‌కు ముందే దాన్నుంచి విడిపోయి, ఇంజను లేకుండా తనంతట తానే దొర్లుకుంటూ వచ్చి ప్లాట్‌ఫారం దగ్గర ఆగుతుంది. 1858లో హేవర్డ్స్ హీత్ దగ్గర ఈ పద్ధతి మొదలైంది. 1914 నాటికి ఆ దేశంలో రోజుకు సుమారు 200 పెట్టెలు ఇలా జారేవి. లండన్ పాడింగ్టన్ నుంచి బయలుదేరే కార్నిష్ రివియెరా ఎక్స్‌ప్రెస్ వెస్ట్‌బరీలో వేమత్ ప్రయాణికుల పెట్టెను వదిలేసి, ఆగకుండా సాగిపోయేది.

ఆ పెట్టెకు సొంత గార్డు ఉండేవాడు. ముందు భాగంలో చిన్న గది, కిటికీ, చేతిలో లీవరు. లీవరు లాగితే, పెట్టెను ముందు పెట్టెకు కలిపే కప్లింగ్ హుక్కు మడత తెరుచుకుని లంకె జారిపోయేది. అది తేలికైన పనే. నన్ను కట్టిపడేసింది ఆ తర్వాత జరిగేది, అంటే బ్రేకు.

అప్పటి బ్రేకులు వాక్యూమ్ బ్రేకులు. వాక్యూమ్ అంటే గాలి తీసేసిన ఖాళీ. రైలు పొడవునా ఒక గొట్టం ఉంటుంది. ఇంజను అందులోంచి గాలిని లాగేస్తూ ఉంటుంది. ప్రతి పెట్టె కింద ఒక సిలిండరు, అందులో ఒక పిస్టన్. పిస్టన్‌కు పైనా కిందా ఖాళీయే ఉన్నంతసేపు బ్రేకు పడదు. గొట్టంలోకి గాలి వదిలితే అది పిస్టన్ కింది వైపు మాత్రమే చేరి, దాన్ని పైకి నెట్టి బ్రేకు పట్టిస్తుంది. ఈ ఖాళీని పాదరసం ఎత్తుతో, అంగుళాల్లో కొలుస్తారు. 21 అంగుళాల వాక్యూమ్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 720 గ్రాముల తోపు. పిస్టన్ వ్యాసం 45 సెంటీమీటర్లు అనుకుంటే టన్నుకు పైగా బలం! ఇదంతా మన చుట్టూ ఉన్న మామూలు గాలి చేసే పనే.

చిక్కు ఇక్కడే ఉంది. బ్రేకు వేయడానికి గాలి చాలు, అది ఎక్కడైనా దొరుకుతుంది. వేసిన బ్రేకు వదలాలంటే మళ్ళీ ఖాళీ కావాలి. ఖాళీని తయారుచేసే ఇంజను అప్పటికే వెళ్ళిపోయింది! కాబట్టి మనం ప్రయాణానికి కూజాలో నీళ్ళు పట్టుకెళ్ళినట్టు, ఆ పెట్టె పెద్ద ట్యాంకుల్లో ఖాళీని నింపుకుని వెళ్ళేది. బ్రేకు వదిలిన ప్రతిసారీ కూజాలోంచి ఒక గ్లాసు వంచినట్టే. తొందరపడి బ్రేకు వేస్తూ వదులుతూ పోతే కూజా అడుగంటుతుంది, పెట్టె ప్లాట్‌ఫారం చేరకుండానే నిలబడిపోతుంది. అందుకే గార్డు ఆ కూజాను పొదుపుగా వాడుకోవాలి.

వేగం గంటకు 97 కిలోమీటర్లు, అంటే సెకనుకు 27 మీటర్లు అనుకుందాం. సెకను సెకనుకూ అర మీటరు చొప్పున వేగం తగ్గిస్తే ఆగడానికి 54 సెకన్లు, 729 మీటర్లు కావాలి. ఆ 54 సెకన్లలో అసలు రైలు 1,458 మీటర్లు, సరిగ్గా రెట్టింపు దూరం వెళుతుంది. వేగం ఎంతైనా, బ్రేకు ఒకే తీరుగా పడితే ఈ రెట్టింపు లెక్క మారదు. బళ్ళో జడత్వం పాఠం రాగానే గ్లాసు మీద అట్టముక్క, దాని మీద నాణెం పెట్టి చూపిస్తాం. ఈ పెట్టె కథ కూడా చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

అసలు రైలు ఆగకుండా ముందుకు పోతేనే ఈ లెక్క. 1935లో వుడ్‌ఫర్డ్ దగ్గర పెట్టెను వదిలాక ముందున్న రైలు ఆగిపోయింది, వెనక వస్తున్న పెట్టె వెళ్ళి దాన్ని గుద్దింది.

మన రైళ్ళ చివరి పెట్టె వెనక పెద్ద ఇంటూ మార్కు ఉంటుంది. దిష్టి తగలకుండా గీశారని మా ఊళ్ళో పెద్దవాళ్ళు అనేవారు. నిజానికి అది రైలు ముక్క కాకుండా పూర్తిగా వచ్చిందని స్టేషన్ వాళ్ళకు చెప్పే గుర్తు. ఇంగ్లండ్‌లో ఆ పని రైలు చివర పెట్టే తోక దీపానిది. పెట్టెను వదిలేసే రైలుకు రెండు తోకలు కదా! అందుకే జారే పెట్టెకు వేరే అమరికలో దీపాలు పెట్టేవారు. లేకపోతే సిగ్నల్ క్యాబిన్‌లో ఉన్నవాడికి రైలు తెగిపోయిందేమోనని టెన్షన్.

ఇంత చక్కటి ఏర్పాటు ఎందుకు పోయింది? ఆ పెట్టె నుంచి మిగతా రైలులోకి దారి ఉండదు, డైనింగ్ కారుకు వెళ్ళలేరు. ప్రతి పెట్టెకూ ఒక గార్డు జీతం. అన్నిటికన్నా పెద్ద లోటు, నడుస్తున్న రైలు నుంచి పెట్టెను వదలగలరు గానీ, నడుస్తున్న రైలుకు తగిలించలేరు. పాడింగ్టన్ నుంచి సాయంత్రం 5:10కి బయలుదేరే వుల్వర్‌హాంప్టన్ రైలు బైసెస్టర్‌లో ఒక పెట్టెను జారవిడిచేది. తిరుగు ప్రయాణంలో ఆ ఊరివాళ్ళు లండన్ వెళ్ళాలంటే రైలు అక్కడ ఆగాల్సిందే. చిట్టచివరి పెట్టె జారింది కూడా ఆ బైసెస్టర్‌లోనే, 1960 సెప్టెంబరులో.