శాలిహుండం: కొండను ఏటి నుంచి విడదీసి చూడలేం

శ్రీకాకుళానికి సుమారు 18 కిలోమీటర్ల దూరంలో, గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దాలన్న కోరిక జిల్లాలో చాలాకాలంగా ఉంది. మంచి రోడ్డు కావాలనీ, వచ్చినవారికి నీడ, తాగునీరు ఉండాలనీ అడగడం న్యాయమే. అయితే ఆ చర్చ ఎక్కువగా కొండమీది ఇటుక కట్టడాల దగ్గరే ఆగిపోతుంది. బౌద్ధ భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఆలోచిస్తే, కాపాడుకోవలసినవి ఇటుకలు మాత్రమే కాదని బోధపడుతుంది.

ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమానికి కొద్ది మైళ్ల ఎగువన ఉంది ఈ కొండ. కళింగపట్నం పాత రేవు. ఓడలు దిగిన సరుకు, ఏటి వెంట లోపలి ఊళ్లకు పోయే సరుకు ఈ కొండ కిందుగానే సాగి ఉండాలి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు వంటి పాత రేవుల్లో దొరికే, లోపలి అడుగున వలయాలుగా చుక్కల నగిషీ ఉండే రౌలెటెడ్ పాత్రల పెంకులు ఇక్కడి తవ్వకాల్లోనూ బయటపడ్డాయి. భిక్ష మీద బతికే సంఘానికి వరి పండే పల్లం, వర్తకులు నడిచే దారి రెండూ దగ్గర కావాలి. ధ్యానానికి మాత్రం ఊరి సందడికి ఎడం కావాలి. ఉత్తరాంధ్రలోని ఇతర బౌద్ధ క్షేత్రాలు తొట్లకొండ, బావికొండ, రామతీర్థంలోని గురుభక్తులకొండ కూడా ఇలాంటి ఎంపికలే. కానీ ఏరు, రేవు, పల్లం మూడూ ఇంత దగ్గరగా కుదిరిన చోటు నా దృష్టిలో శాలిహుండమే.

ఈ క్షేత్రాన్ని 1919లో లోకానికి తెలియజేసినవారు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం, సవర భాష కోసం ఆయన చేసిన కృషి అందరికీ తెలిసిందే గాని, ఈ సంగతి మన జిల్లా పిల్లలకే చాలామందికి తెలియదు, అది నాకు బాధ కలిగిస్తుంది. శ్రీముఖలింగం దగ్గర, ఇదే వంశధార తీరాన పుట్టిన మనిషి, అదే ఏటి దిగువన మరుగునపడిన స్తూపాలను గుర్తించారు. ఆ తరువాత పురావస్తు శాస్త్రజ్ఞులు లాంగ్‌హర్స్ట్, 1940లలో టి.ఎన్. రామచంద్రన్, 1950లలో ఆర్. సుబ్రహ్మణ్యం తవ్వకాలు జరిపించారు. మహాచైత్యం (పెద్ద స్తూపం), మొక్కుగా కట్టిన చిన్న ఉద్దేశిక స్తూపాలు, చైత్యగృహాలు అనే ప్రార్థనా మందిరాలు, ధాతువులను, అంటే పవిత్ర అస్థికలను దాచే కరండాలు, బ్రాహ్మీ అక్షరాలు చెక్కిన కుండపెంకులు వెలుగు చూశాయి.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం ప్రాంతం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం వరకు ఇక్కడ బౌద్ధం నిలిచిందని పురావస్తు శాస్త్రజ్ఞుల అంచనా. బుద్ధ ప్రతిమ లేకుండా స్తూపాన్నే కొలిచిన తొలి రోజులూ, తార, మారీచి వంటి దేవతలకు చోటిచ్చిన వజ్రయాన (తాంత్రిక బౌద్ధ) కాలమూ ఈ ఒక్క కొండమీదే కనిపిస్తాయి. ఎగువన శ్రీముఖలింగంలో తూర్పు గాంగులు శివాలయాలు కట్టించిన శతాబ్దాల్లోనూ ఇక్కడ తారకు పూజలు సాగాయంటే, ఒకే ఏటి నీళ్లు రెండు ఆరాధనలకూ అందాయన్నమాట. నేటికీ శాలిహుండం వేణుగోపాలస్వామిని దర్శించే భక్తులు చక్రతీర్థ స్నానానికి ఈ వంశధారలోనే దిగుతారు.

ఊరి పేరుకు రెండు అర్థాలు చెబుతారు. శాలి అంటే వరి కనుక ధాన్యపు నిలువ అని కొందరు, శల్యం అంటే ఎముక కనుక ధాతువుల పెట్టె అని కొందరు. ఏది నిజమైనా, ఒకటి కొండ కింది పొలాన్ని, ఒకటి కొండమీది స్తూపాన్ని చూపుతుంది.

వానలు వెలిసిన తరువాత మెట్లదారిన పైకి వెళ్లి చూడండి. ఈనాటి ఇటుక కంటే చాలా పెద్దదైన పాత ఇటుక అంచున పచ్చిక మొలిచి ఉంటుంది. అరచేయి ఆనిస్తే చెమ్మ తగులుతుంది. తల ఎత్తితే వరిచేలు, వాటి అవతల ఇసుక తిన్నెల మధ్య పాయలుగా చీలిన వంశధార, తూర్పున సముద్రం వైపు తేలిపోయే ఆకాశం. విడిది గదులైనా, వాహనాలు నిలిపే చోటైనా, కొండకూ ఏటికీ నడుమ కాక, ఊరి వైపు దిగువన కట్టాలని కోరడం ఇందుకే. మహాచైత్యం దగ్గర నిలబడినవారికి ఏరు అడ్డం లేకుండా కనబడాలి.