మౌంటెన్ లయన్ భయం: అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలోని సియెర్రా కొండల్లోకి రెండు మూడు రాత్రుల బ్యాక్‌ప్యాకింగ్‌కి మనవాళ్లను తీసుకెళ్తుంటాను. బయల్దేరే ముందు అందరూ అడిగేది ఒకటే: "అన్నా, మౌంటెన్ లయన్ (ప్యూమా అనే పెద్ద అడవి పిల్లి) ఎదురైతే?" 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పాపను చంపేశాక, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు కూడా ఫోన్లో ఇదే అడుగుతున్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: మనిషి కనబడితే మీదికి దూకుతుంది.

వాస్తవం: మన మాట వినబడితే చాలు, సాధారణంగా అదే తప్పుకుపోతుంది. శాంటా క్రూజ్ కొండల్లో పరిశోధకులు, అది వేటాడి పడేసిన జింక దగ్గర స్పీకర్లు పెట్టి ఒకసారి కప్పల అరుపులు, ఒకసారి మనుషుల మాటలు వినిపించారు. కప్పలను పట్టించుకోలేదు. మనిషి గొంతు వినగానే చాలాసార్లు తిండి వదిలేసి పారిపోయింది. పీ-22 అనే మగ మౌంటెన్ లయన్ లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున గ్రిఫిత్ పార్కులో దాదాపు పదేళ్లు బతికింది. రోజూ అంతమంది తిరిగే చోటు అది, అయినా ఒక్క మనిషి జోలికీ రాలేదు.

అపోహ: అయితే అసలు ప్రమాదమే లేదు.

ఇదీ తప్పే. 2024 మార్చిలో ఎల్ డొరాడో కౌంటీలో ఒక యువకుడు దీని దాడిలో చనిపోయాడు. కాలిఫోర్నియాలో అంతకుముందు అలాంటి మరణం 2004లో. చాలా అరుదు, కానీ పోయింది ఒక ప్రాణం.

అపోహ: కనబడితే పరుగెత్తాలి, లేదా చచ్చినట్టు పడుకోవాలి.

రెండూ చేయకండి. పరుగెత్తే ప్రతిదీ దాని కంటికి జింకే. దానివైపే తిరిగి నిలబడండి. చేతులు పైకెత్తండి, గట్టిగా అరవండి, వెన్ను చూపకుండా మెల్లగా వెనక్కి నడవండి. పిల్లలుంటే చంకనెత్తుకోండి, ఎత్తుకునేటప్పుడు కూడా దానిమీద చూపు తిప్పకండి. మీదికొస్తే రాయి, కర్ర, ఏది దొరికితే దాంతో తిరగబడండి. 2020లో యూటాలోని ప్రోవో దగ్గర ఒక తల్లి మౌంటెన్ లయన్ తన కూనల కోసం ఒకతన్ని దాదాపు ఆరు నిమిషాలు వెంటాడింది. అతను అరుస్తూ వెనక్కి నడిచాడు తప్ప పరుగు తీయలేదు. చివరికి రాయి విసిరితే వెళ్లిపోయింది. ఆ వీడియో ప్రతి కొత్త బృందానికీ చూపిస్తాను.

అపోహ: బేర్ స్ప్రే (ఎలుగుబంట్లను తరమడానికి కొట్టే ఘాటైన మిరప స్ప్రే) ఉంటే చాలు.

సియెర్రాలోనే ఉన్న యోసెమిటీ నేషనల్ పార్కులో దాన్ని తీసుకెళ్లడమే నిషేధం. మా బృందంలో వేకువన, మునిమాపున ఎవరూ ఒంటరిగా నడవరు. పిల్లలు పెద్దల మధ్యలో నడుస్తారు.

నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది వాగు. జూన్‌లో మంచు కరిగి, పొద్దున మోకాలి లోతున్న నీళ్లు సాయంత్రానికి నడుము దాకా వస్తాయి. అందుకే తెల్లవారుజామునే, పడితే బ్యాగు వదిలేసేలా నడుము బెల్టు విప్పించి దాటిస్తాను. ఈసారి ట్రిప్‌కి ముందు మౌంటెన్ లయన్ గురించి ఒక్కసారి అడిగితే, వాగుల గురించి పదిసార్లు అడగండి.