ఏఎన్‌ఏ నెగెటివ్ వచ్చినంత మాత్రాన...

కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాలి. తల దువ్వుకోవాలంటే చెయ్యి పైకి లేవదు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే చూస్తే వేలల్లో ఉంటుంది. మయోసైటిస్, అంటే రోగనిరోధక శక్తి సొంత కండరాల మీదే దాడి చేసే జబ్బు, అనుమానంతో డాక్టరు ఏఎన్‌ఏ టెస్ట్ రాస్తారు. రిపోర్టులో 'నెగెటివ్' అని చూడగానే ఇంట్లోవాళ్ళ టెన్షన్ తీరిపోతుంది. తీరకూడదు.

ఏఎన్‌ఏ ముఖ్యంగా కణ కేంద్రకానికి అంటుకునే యాంటీబాడీల కోసం చేసే పరీక్ష. గాజు పలక మీది కణాలపై రోగి సీరం వేసి, మెరిసే రంగు కలిపి మైక్రోస్కోపులో చూస్తారు. కేంద్రకం పచ్చగా వెలిగితే పాజిటివ్. కానీ మయోసైటిస్‌లో బాగా తెలిసిన యాంటీ జో-1 అనే యాంటీబాడీ గురి వేరు. అది పట్టుకునేది కేంద్రకం బయట, ప్రోటీన్ల తయారీకి హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సిద్ధం చేసే ఒక ఎంజైమును. అప్పుడు కేంద్రకం చీకటిగానే ఉంటుంది, చుట్టూ సన్నటి చుక్కలు మెరుస్తాయి. ఆ చుక్కల సంగతి రాయకపోతే రిపోర్టు ఉత్త 'నెగెటివ్'గానే చేతికొస్తుంది. ప్రతి ల్యాబూ ఆ ఒక్క వాక్యం రాసి తీరాలని నా పట్టుదల.

అందుకే అనుమానం బలంగా ఉంటే మయోసైటిస్ లైన్ బ్లాట్ చేయిస్తారు. సన్నటి పట్టీ మీద వరసగా ఒక్కో చోట ఒక్కో ప్రోటీన్ అతికించి ఉంటుంది. సీరంలో నానబెట్టి, కడిగి, రంగు తేలేలా చేస్తే, యాంటీబాడీ అంటుకున్న చోట ముదురు గీత పడుతుంది. ఏ గీత అన్నదే ముఖ్యం. ఎండీఏ5 అనే ప్రోటీన్ దగ్గర గీత పడితే కండరాలు బాగానే ఉన్నా ఊపిరితిత్తులు వారాల్లో దెబ్బతినొచ్చు. పెద్దవాళ్ళలో టిఫ్1 గామా కనిపిస్తే ఎక్కడైనా క్యాన్సర్ దాగుందేమో వెతకాలి. కొలెస్టరాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడినవారిలో కొద్దిమందికి వచ్చే యాంటీ హెచ్‌ఎంజీసీఆర్ యాంటీబాడీని పట్టే గీత మాత్రం చాలా పట్టీల మీద ఉండదు, విడిగా అడిగి చేయించుకోవాలి. మాత్రలు ఆపేసినా ఆ యాంటీబాడీతో వచ్చే కండరాల జబ్బు దానంతటదే తగ్గకపోవచ్చు.

పట్టీ కూడా పొరబడుతుంది. లేత గీత పడితే రిపోర్టులో 'వీక్ పాజిటివ్' అని వస్తుంది. ఏ జబ్బూ లేనివారిలోనూ అలాంటి గీతలు పడతాయి. ఇమ్యునోప్రెసిపిటేషన్ అనే పద్ధతి ఇంకా నమ్మకమైనది గానీ, అది చేసే ల్యాబులు చాలా తక్కువ. ఆ 'వీక్ పాజిటివ్' కాగితం పట్టుకుని నెట్‌లో వెతికి రాత్రంతా నిద్ర మానుకున్నవాళ్ళను తలుచుకుంటే బాధేస్తుంది.

లేత జో-1 గీత చూసిన రుమటాలజిస్ట్ (ఇలాంటి జబ్బులు చూసే డాక్టరు), అది నిజమా కాదా తేల్చుకోవడానికి, కాగితం పక్కన పెట్టి రోగి చెయ్యి అందుకుంటారు. బొటనవేలు, చూపుడువేలు అంచుల్లో చర్మం మెకానిక్ చేతిలా గరుకెక్కి పగిలిందా అని వెలుతురులో తిప్పి చూస్తారు. తర్వాత వీపున స్టెతస్కోపు ఆనించి, ఊపిరితిత్తుల అడుగు భాగాన చిటపటలు ఉన్నాయేమోనని వింటారు.