పుస్తకం కోసం ఎవరూ కొట్టుకోరు బిడ్డా

చిన్నోడికి, బుజ్జమ్మకి, ఇది చదివే మీ ఈడు పిల్లలందరికీ హన్మకొండ నుంచి మీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నోడు అడిగాడు కదా, కాలేజీలో రెండు సంఘాల పిల్లలు పోస్టర్ల దగ్గర మొదలుపెట్టి కాలర్లు పట్టుకునే దాకా పోయారు, ఎప్పుడో ఎవరో రాసిన పుస్తకాల కోసం ఈ కొట్లాట ఏంటి అమ్మమ్మా అని. అందులో ఒకడు వాడి దోస్తే కాబట్టి వాడికి టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో తెమిలేది కాదని రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

పుస్తకం కోసం ఎవరూ కొట్టుకోరు. ముందు లోపల ఒక బాధ ఉంటుంది, భూమి పోయిందనో, పరువు పోయిందనో, మావాళ్లను తొక్కుతున్నారనో. ఈ బాధ ఎందుకొచ్చింది, దీనికి కారకుడెవడు, ఏం చేస్తే పోతుంది అనే మూడింటికీ ఒకేసారి జవాబు చెప్పేదే సిద్ధాంతం. మొదటి జవాబు చాలాసార్లు కళ్లు తెరిపిస్తుంది. రెండోది, అంటే కారకుడెవడు అన్న దగ్గర, మనిషి బాగా మెలకువగా ఉండాలి. నేను చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టూనే.

మన జనగామ వైపు ఊళ్లనే తీసుకోండి. నిజాం కాలంలో విసునూరు దేశ్‌ముఖ్, అంటే ఆ ఊళ్లన్నిటికీ పెద్ద దొర, ఆయన చేతిలో నలభై వేల ఎకరాలు, అరవై ఊళ్లు అని పుస్తకాల్లో రాశారు. గడి, అంటే కోటలాంటి దొర ఇల్లు, దాని ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకోవాలి, తలపాగా తీయాలి. కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి బట్టలు ఊరికే ఉతకాలి, పండగకు గొల్లవాళ్లు గొర్రెలు తోలుకొచ్చి కట్టేయాలి, ఇదంతా వెట్టి. 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్త' అనకుండా మాట మొదలయ్యేది కాదు. ఇది కూడా ఒక సిద్ధాంతమే, పుట్టుకను బట్టి ఒకడు పైన ఇంకొకడు కింద అని చెప్పే సిద్ధాంతం. కానీ దాన్ని ఎవరూ అలా పిలవలేదు, రివాజు అన్నారు. నన్నడిగితే అన్నిటికన్నా గట్టిది ఇలాంటిదే, ఎందుకంటే దెబ్బ తింటున్నవాడు కూడా ఇదే న్యాయం అనుకుంటాడు.

నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ, అప్పటికి కమ్యూనిస్టులు నడిపేవాళ్లు, దాన్ని ఊళ్లలో సంఘం అనేవాళ్లు. అది వచ్చి ముందు మార్చింది ఆ తలకాయలో ఉన్నదాన్ని. పాలకుర్తి ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న పొలంలో పంటను దొర మనుషులు కోసుకుపోవాలని వస్తే, సంఘం వాళ్లు అండగా నిలబడి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. చాకలి కులంలో పుట్టిన ఆడమనిషి దొరకు ఎదురు నిలవడం అప్పట్లో ఎవరూ ఊహించనిది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు, అక్కడి నుంచి అది సాయుధ పోరాటం దాకా పోయింది. ఐలమ్మను తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది, దాన్ని దాచుకోను.

ఇంకోవైపు అదే రాజ్యంలో మరో మాట నడిచింది. నిజాం అధికారం ఆయనొక్కడిది కాదు, ఈ రాజ్యంలోని ప్రతి ముస్లింకూ అందులో వాటా ఉంది అని మజ్లిస్ ఇత్తెహాద్ అనే ముస్లింల పార్టీ ప్రచారం చేసింది. ఆలోచించండి, చాలీచాలని సంపాదనతో బతికే పేద ముస్లింకు నువ్వే రాజువి అంటే ఎంత మత్తుగా ఉంటుంది! వాడి ఇంట్లో గింజ పెరగలేదు, కానీ ఛాతీ మాత్రం పొంగింది. అందులోంచే ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు అనే సాయుధ దళం తయారైంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఊరి జనాన్ని ఊచకోత కోశారు. దానికి ఐదు రోజుల ముందు హైదరాబాదులో ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను చంపారు. ఇండియాలో కలవాలని రాసినందుకు ముస్లిం అయినా వదల్లేదు, రాసే చెయ్యి నరికారు. అందుకే పేరు చూసి ఎవడు ఏ పక్షమో లెక్క కట్టొద్దంటాను. కార్మికుల పక్షాన నిలబడ్డ కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఆ కాలంలోనే ఉన్నాడు మరి.

ఇక్కడితో ఆపేస్తే మీకు సగమే చెప్పినట్టు. సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక, ఏ పాపం ఎరుగని మామూలు ముస్లింల మీద దాడులు జరిగాయి, ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గా, నాందేడ్ జిల్లాల్లో మరీ ఎక్కువగా. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అంచనా వేసింది. ఆ రిపోర్టును దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు. బైరాన్‌పల్లి గురించి చెప్పేవాళ్లు దీని గురించి నోరు విప్పరు, దీని గురించి చెప్పేవాళ్లు బైరాన్‌పల్లి ఊసెత్తరు. రెండూ ఒక్క నోటితో చెప్పే మనిషి దొరికితే ఆ మనిషి దగ్గర కూర్చోండి.

ఇప్పుడు మూడో జవాబు, ఏం చేయాలి అన్నది చూడండి. భూమి సమస్య ఒక్కటే, జవాబులు మూడు. సంఘం చెప్పింది దున్నేవాడు ఆక్రమించుకోవాలని. ప్రభుత్వం 1950లో కౌలు చట్టం తెచ్చి రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు తమకు 80 ఎకరాలు కావాలని గాంధీ శిష్యుడు వినోబా భావేను అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి అక్కడికక్కడే లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు, భూదానం అట్లా మొదలైంది. సంఘం భయం లేకపోతే ఆ చట్టం అంత తొందరగా వచ్చేదా, ఆ దానం జరిగేదా? నాకైతే నమ్మకం లేదు. అట్లాగని పోరాటం కూడా అనుకున్న చోటికి చేరలేదు, 1951 అక్టోబర్‌లో విరమించారు. ఒక్క సిద్ధాంతమే ఊరిని మార్చింది అని ఎవరైనా అంటే మిగతా రెండింటి సంగతి అడగండి.

తర్వాత మళ్లీ మన కరీంనగర్ వైపు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతు కూలీల జైత్రయాత్ర, ఆ వెంటనే దొరలకు చాకలి, మంగలి పనులు బంద్, అదే ఏడు సిరిసిల్ల, జగిత్యాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, అన్నీ వరసగా జరిగాయి. వెట్టి పోయింది, కూలి పెరిగింది, ఇది నిజం. కానీ నక్సలైట్ల దగ్గర కారకుడెవడు అన్న జవాబు పెద్దదైపోతూ వచ్చింది. మొదట దొర, తర్వాత దొర మనిషి, తర్వాత పోలీసుల ఇన్‌ఫార్మర్ అని అనుమానం వచ్చిన పేదవాడు కూడా. అటు పోలీసులకూ అంతే, అన్నం పెట్టినవాడు, పాట పాడినవాడు, హక్కులడిగినవాడు అందరూ ఒకే లెక్కలోకి వచ్చారు. 1985లో కాజీపేటలో ఒక ఎస్సైని నక్సలైట్లు చంపారు. మరునాడు, సెప్టెంబర్ 3న, ఆయన అంతిమయాత్ర సాగుతుండగా వరంగల్‌లో పిల్లల డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చేశారు. చంపింది పోలీసులేనని పౌరహక్కుల సంఘం అప్పుడే చెప్పింది. ఆయన ఆ సంఘం నాయకుడు, అదే ఆయన నేరం. ఎంతమంది తల్లులు తమ పిల్లల్ని ఆయన దగ్గరికి ఎత్తుకుపోయారో ఈ ఊరికి తెలుసు.

చిన్నోడా, నీ దోస్తు సంగతికి వస్తా. వాడు ఏ సంఘంలో చేరినా మాట్లాడటం మానకు. వాడు ఏ బాధ గురించి అందులోకి పోయాడో అడుగు, ఆ బాధ నిజమైతే నిజమేనని ఒప్పుకో. ఆ తర్వాత ఇంకొకటి అడుగు, మీ సంఘం లెక్కలో శత్రువు ఎవరు, పోయిన ఏడాదికీ ఇప్పటికీ ఆ లిస్టు పెరిగిందా తగ్గిందా, మీవాళ్లు చేసిన తప్పు ఒక్కటైనా చెప్పగలవా అని. చెప్పగలిగితే వాడితో కలిసి మీటింగుకు పో, నేనేమీ అనను. చెప్పలేకపోతే కొట్లాడకు, మళ్లీ వారం అదే అడుగు. బుజ్జమ్మా, నువ్వు వాట్సాప్‌లో నాకు పంపే వీడియోలను కూడా ఇవే ప్రశ్నలు అడిగి చూడు, ఏం తేలిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మమ్మ